ఆట రాని వాళ్లకు ఆ మైదానంలో ఏముంది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో శ్రీలంక రామాయణ యాత్ర గురించి రాస్తూ, నువర ఎలియలో సీతమ్మ గుడికి వెళ్లే ముందు ఊరి మధ్యనున్న పాత గోల్ఫ్ మైదానం దగ్గర కాసేపు ఆగండని ఒక మాట అన్నాను. గుడి గురించి కంటే ఆ మాట మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి జవాబులన్నీ దాని చుట్టూనే.

ప్రశ్న: మేడమ్ గారూ, కావలి నుంచి మేము ఇరవై మందిమి ఫిబ్రవరిలో లంక యాత్రకు వెళ్తున్నాం. నువర ఎలియలో ఒక పూట ఖాళీ ఉంటుందని టూరు వాళ్లు చెప్పారు. గోల్ఫ్ అంటే టీవీలో ఛానల్ మారుస్తూ చూడటమే తప్ప మాకేమీ తెలియదు. ఆడని వాళ్లను లోపలికి రానిస్తారా? రానిచ్చినా గడ్డి తప్ప అక్కడ చూడ్డానికి ఏముంటుంది?
— ఎస్.వి., కావలి

జవాబు: అమ్మా, ముందు రానిచ్చే సంగతి. అది ఇప్పటికీ సభ్యుల క్లబ్బే. బయటి వాళ్లు ఫీజు కట్టి ఆడుకునే వీలుంది. చూడ్డానికే వచ్చామంటే ఆఫీసులో అడగండి. పోటీలు జరిగే రోజైతే కుదరదంటారు, దానికి నొచ్చుకోకండి. ఇరవై మందీ ఒక్కసారిగా గేటు దగ్గరకు వెళ్లొద్దు, ఇద్దరు ముగ్గురుగా వెళ్లండి. లోపలికి వద్దన్నా మీకు పెద్దగా పోయేదేమీ లేదు. మైదానం ఊరి నడిబొడ్డున ఉంది, పక్కనే రోడ్డు. చాలా భాగం రోడ్డు మీంచే కనిపిస్తుంది.

ఇక గడ్డి సంగతి. ఆ గడ్డినే దగ్గరగా చూడమంటాను. బంతి గుంతలో పడే చోటును గ్రీన్ అంటారు. అక్కడ గడ్డిని నేలకు అంటుకుపోయేంత పొట్టిగా కోస్తారు. పైనుంచి వచ్చి పడిన బంతి ఆ మెత్తటి నేల మీద చిన్న సొట్ట చేస్తుంది. నేను చూస్తుండగా ఒక కేడీ, అంటే ఆడేవాళ్ల కర్రల సంచీ మోసే మనిషి, జేబులోంచి రెండు పళ్ల చిన్న ఫోర్కు తీసి, సొట్ట అంచుల్లో నాలుగు వైపులా గుచ్చి, మట్టిని లోపలికి నెట్టి, బూటు అడుగుతో అదిమాడు. ఆ తర్వాత సొట్ట ఎక్కడ పడిందో నాకు కనపడలేదు. అతని చేతుల్లో ఇంత పనితనం ఉంటుందని నేననుకోలేదు. అతను తమిళంలో మాట్లాడాడు. సూళ్లూరుపేట మా పుట్టిల్లు కాబట్టి నాకు తమిళం వస్తుంది. వాళ్లమ్మ ఇప్పటికీ పక్క తేయాకు ఎస్టేటులో ఆకు కోస్తుందట.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పిన దాన్ని. ఏ ఊరికెళ్లినా ఈ ఊరు ఇక్కడే ఎందుకుంది అన్న ప్రశ్న నన్ను వదలదు. ఈ మైదానం 1889 నాటిది. ఆ సంవత్సరం ఊరికే రాలేదు. ఆ కొండల్లో మొదట వేసింది తేయాకు కాదు, కాఫీ. 1869లో కాఫీ ఆకు అడుగున నారింజ రంగు పొడిలా ఒక తెగులు కనిపించింది. పదిహేనిరవై ఏళ్లలో తోటలకు తోటలే పోయాయి. జేమ్స్ టేలర్ అనే స్కాట్లాండ్ మనిషి 1867లోనే లూల్‌కందుర ఎస్టేటులో 19 ఎకరాల్లో తేయాకు వేసి చూశాడు. కాఫీ పోయాక అందరూ ఆ దారే పట్టారు. 1883లో కొలంబోలో తేయాకు వేలం మొదలైంది. 1890లో థామస్ లిప్టన్ వచ్చి ఎస్టేట్లు కొన్నాడు. 1889 అంటే తోటల దొరల చేతిలో మళ్లీ డబ్బు ఆడుతున్న కాలం. వాళ్లలో స్కాట్లాండ్ వాళ్లు ఎక్కువ, గోల్ఫ్ వాళ్ల ఊరి ఆట. సముద్ర మట్టానికి సుమారు 1,870 మీటర్ల ఎత్తున చలీ మంచూ సన్న జల్లూ ఉన్న చోటు దొరికేసరికి తమ ఊరిని ఇక్కడ కట్టుకోవాలని చూశారు. ఎర్ర ఇటుకల పోస్టాఫీసు, గ్రాండ్ హోటల్, హిల్ క్లబ్, మధ్యలో పద్దెనిమిది గుంతల మైదానం. వెనకాల లంకలోకెల్లా ఎత్తైన పిదురుతలాగల శిఖరం, 2,524 మీటర్లు. ఉదయం ఏడింటికి వెళ్తే మబ్బు దాని మీంచి దిగుతూ కనిపిస్తుంది. తొమ్మిది దాటితే ఆట ఊపందుకుంటుంది, మీలాంటి వాళ్లకు నడిచే వీలు తగ్గుతుంది.

అక్కడే పాత స్మశానంలో ఒక సమాధి ఉంది, అడిగి చూడండి. మేజర్ థామస్ విలియం రోజర్స్ అనే ఇంగ్లీషు సైనికాధికారిది. 1,400 ఏనుగుల్ని చంపాడని పేరు. 1845లో హపుతలేలో పిడుగు పడి చనిపోయాడు. తర్వాత ఆయన సమాధి రాతి మీద కూడా పిడుగు పడిందని ఊళ్లో వాళ్లు చెప్పుకుంటారు. మైదానం రాకముందే అక్కడ ఆ స్మశానం ఉంది. ఏనుగులు తిరిగిన అడవి, కాఫీ, తేయాకు, ఆటస్థలం ఒకదాని తర్వాత ఒకటి ఎలా వచ్చాయో ఆ రాయి దగ్గర నిలబడితే అర్థమవుతుంది. నాకు ఆ మైదానంలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు అదే.

కొన్ని జాగ్రత్తలు. గ్రీన్ మీద అడుగు పెట్టకండి, మడమ చెప్పులతో అసలే వద్దు. ఎవరైనా బంతి కొట్టబోతుంటే కదలకుండా, మాట్లాడకుండా నిలబడండి. కింద పడున్న బంతిని తీయకండి, అది ఎవరి ఆటలోనో ఉంది. దూరం నుంచి ‘ఫోర్’ (బంతి వస్తోంది, జాగ్రత్త అని) అరుపు వినిపిస్తే ఏమిటా అని తలెత్తి చూడకండి. తల మీద చేతులు పెట్టుకుని వంగండి. 45 గ్రాముల గట్టి బంతి అది, తగిలితే తల పగులుతుంది.

ప్రశ్న: మాది టంగుటూరు. రెండు బ్యారన్ల పొగాకు వేస్తాం. మీరు మైదానం చూడమన్నారు గానీ, రైతుగా నాకు దాని పక్కనుండే తేయాకు ఫ్యాక్టరీ చూడాలనుంది. ఆకును ఎలా తయారు చేస్తారు? మన పొగాకు లాగానే కాలుస్తారా?
— ఒక రైతు, టంగుటూరు

జవాబు: అయ్యా, తప్పకుండా చూడండి, మీ కళ్లకు మాకు కనపడనివి కూడా కనపడతాయి. ఊరికి దగ్గర్లోనే పెడ్రో ఎస్టేటు ఉంది. ఫ్యాక్టరీ లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు.

పొగాకును బ్యారన్‌లో రోజుల తరబడి కాల్చి రంగు తెప్పిస్తారు కదా. తేయాకు పని దాదాపు ఒక రోజులో అయిపోతుంది. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున కోసిన లేత కొసల్ని పొడవాటి తొట్లలో పరిచి, అడుగు నుంచి గాలి కొడతారు. రాత్రంతా అలా వాడుతుంది. మరునాడు వేకువన రోలర్లలో వేసి నలుపుతారు. నలిగిన ఆకు రసం గాలి తగిలి రాగి రంగుకు తిరుగుతుంది. తేయాకు మంచి చెడ్డలు తేలేది ఇక్కడే. ఎంతసేపు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వాసన చూసి చెప్పే మనుషులున్నారు. మీ దగ్గర బ్యారన్ ముందు రాత్రంతా మేలుకుని కూర్చునే వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత వేడి గాలిలో ఆరబెట్టి, తేమ నూటికి మూడు పాళ్లకు దించుతారు. నాలుగు కిలోల పైచిలుకు పచ్చాకు పోస్తే కిలో టీ వస్తుంది. చివర్న జల్లెడ పట్టి గ్రేడ్లు చేస్తారు. ఆడవాళ్లు గ్రేడింగ్ చేస్తుంటే చూడండి, మన గ్రేడింగ్ షెడ్లు గుర్తుకొస్తాయి. అమ్మకం కొలంబో వేలంలో.

ఒక్క విషయం మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఎత్తు పెరిగే కొద్దీ చలికి కొస నిదానంగా పెరుగుతుంది, రుచి మారుతుంది. అందుకే అక్కడ 1,200 మీటర్ల పైన పండిన టీకి వేరే వర్గం. నువర ఎలియ టీ గ్లాసులో పోస్తే లేత బంగారు రంగులో ఉంటుంది. పాలు పోసి మరిగించి పాడు చేయకండి.

ప్రశ్న: మేడమ్, తెల్లదొరలు కూలీల చెమట మీద కట్టుకున్న ఆటస్థలాన్ని ఒక రిటైర్డ్ టీచర్ అయ్యుండి చూసి రమ్మంటారా? దాన్లో మెచ్చుకోవాల్సింది ఏముంది?
— డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: బాబూ, నీ కోపం నాకు నచ్చింది. నీ ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మెచ్చుకోమని నేను చెప్పలేదు, చూడమన్నాను. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

ఆ కొండలు 1815 దాకా క్యాండీ రాజ్యానివి. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ నాయక్కర్ వంశం వాడు. ఆ వంశం తమిళనాడులోని మదురై వైపు నుంచి వెళ్లింది, మూలాలు తెలుగు. ఇంగ్లీషు వాళ్లు ఆయన్ని పట్టుకుని మన వేలూరు కోటలో పెట్టారు. 1832లో అక్కడే పోయాడు. పాలారు ఒడ్డున సమాధి ఉంది. వేలూరు ఆస్పత్రికి నెల్లూరు, ఒంగోలు నుంచి ఎన్ని వేల మంది వెళ్తారో నీకు తెలుసు, ఆ సమాధి సంగతి ఎంతమందికి తెలుసు?

తర్వాత 1840లో ఒక చట్టం తెచ్చారు. కాగితం చూపించలేని భూమి, సాగులో లేని భూమి అంతా సర్కారుదే అన్నారు. ఊరి వాళ్లు పశువుల్ని మేపుకున్న కొండలు, పోడు కొట్టుకున్న చోట్లు అలా పోయాయి. వాటిని తోటల వాళ్లకు అమ్మారు. పని చేయడానికి తమిళ జిల్లాల నుంచి మనుషుల్ని దింపారు. రామేశ్వరం వైపు నుంచి పడవ దాటి, మన్నారు దగ్గర దిగి, అడవిలో నడిచి కొండలకు చేరాలి. కలరాకు, మలేరియాకు దారిలోనే రాలిపోయిన వాళ్లు వేలల్లో ఉన్నారు. కంగాణి అనే మేస్త్రీ ముందే అప్పిచ్చి తీసుకొచ్చేవాడు. తోటకు చేరేసరికే ఆ అప్పు నెత్తి మీదుండేది.

అయితే కథ దొరలతో అయిపోలేదు. నీ లాంటి చదువుకునే పిల్లలు దీన్నే గట్టిగా పట్టుకోవాలి. 1948లో సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది తెచ్చిన పౌరసత్వ చట్టంతో ఈ తోట కూలీల్లో చాలామంది ఏ దేశానికీ చెందకుండా పోయారు. తరాలుగా అక్కడే పుట్టిన వాళ్లు! 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో బండారనాయకే కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. 9,75,000 మందిలో 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది అక్కడికి, మిగిలిన వాళ్ల సంగతి తర్వాత అని. మనుషుల్ని కాగితం మీద అలా పంచారు. అలా తిరిగొచ్చిన వాళ్ల కోసమే తమిళనాడు ప్రభుత్వం 1968లో నీలగిరుల్లో సర్కారు తేయాకు తోటలు మొదలుపెట్టింది. లంకలో మిగిలిపోయిన వాళ్లకు పూర్తి పౌరసత్వం రావడానికి 2003 దాకా పట్టింది.

ఇప్పుడు మళ్లీ మైదానానికి రా. క్లబ్బు గోడల మీద కప్పులు గెలిచిన వాళ్ల పేర్లు చెక్క పలకల మీద రాసి ఉంటాయి. ఆ కొండల్ని చదును చేసిన వాళ్ల పేరు ఒక్కటీ ఉండదు. ఆ పలకల పక్కనే ఇంకో పలక ఉండాలని నా గట్టి నమ్మకం. అది లేనందుకే నువ్వు వెళ్లాలి. మైదానం చూశాక ఏదైనా ఎస్టేటు రోడ్డు మీద నడువు. వరసగా ఒకే గోడ పంచుకునే గదులు కనిపిస్తాయి, లయం అంటారు వాటిని. నూరేళ్లు దాటినవి కూడా ఉన్నాయి, వాటిలో ఇవాళ్టికీ కాపురాలున్నాయి. చాలా చోట్ల రోజుకు 18 కిలోల దాకా ఆకు కోస్తేనే పూర్తి కూలి. ఫోటో తీసే ముందు వాళ్లను అడుగు. ‘నల్లా ఇరుక్కీంగళా అమ్మా’ (బాగున్నారా అమ్మా) అని పలకరించు. వాళ్లు మాట్లాడతారు. నువ్వు రాసిన ఉత్తరంలో ఉన్న ప్రశ్నను ఆ రెండు చోట్లూ చూశాక మళ్లీ వేసుకో. అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయి, ఇదే శీర్షికలో అచ్చు వేస్తాను.

ప్రశ్న: నాకు అక్కడ ఆడాలనుంది. కొలంబోలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్తున్నా. ఇప్పటిదాకా గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు. నేరుగా వెళ్లి ఆడొచ్చా అక్కా?
— కె.ఆర్., నెల్లూరు

జవాబు: నేరుగా వద్దు అబ్బాయ్. నేర్చుకోని వాడు మైదానం మీద గడ్డి పెళ్లలు లేపుతాడు, వెనక ఆడే వాళ్లకు ఇబ్బంది. నెల రోజులుంది కదా, హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర, విశాఖలో ముడసర్లోవ దగ్గర గోల్ఫ్ క్లబ్బులున్నాయి. ఒక కోచ్ దగ్గర కర్ర పట్టుకోవడం, నిలబడటం నేర్చుకో. కొలంబోలో కూడా 1879 నాటి రాయల్ కొలంబో గోల్ఫ్ క్లబ్ ఉంది. దాని మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి. అక్కడ కొన్నాళ్లు చేయి తిప్పుకుని తర్వాత కొండెక్కు.

నువర ఎలియలో కాలరున్న చొక్కా, సరైన బూట్లు ఉండాలి. టీ షర్టు, జీన్సు వద్దు. కర్రలు అద్దెకిస్తారేమో, కేడీకి ఎంత ఇవ్వాలో ముందే రాసి కనుక్కో. కేడీ మాట విను. ఆ నేల ఎత్తుపల్లాలు, చెట్ల సందుల్లో గాలి అతనికి తెలిసినట్టు ఏ ఫోను యాప్‌కీ తెలియదు. అంత ఎత్తున గాలి పలచన కాబట్టి బంతి కొలంబోలో కంటే కాస్త దూరం పోతుంది. అది నీ గొప్ప అనుకుని ఇంకా గట్టిగా కొట్టావంటే సైప్రస్ చెట్లలోకి పోతుంది. అక్కడి ఇరుకైన దారుల్లో బలం కంటే గురి ముఖ్యం.

నీకు చరిత్ర ఇష్టమని రాశావు కాబట్టి ఇంకొక్క మాట. 1889లో అక్కడ కొట్టిన బంతి రబ్బరు లోపలున్న ఇప్పటి బంతి కాదు. మలయా అడవుల్లో దొరికే గుట్టపెర్చా అనే చెట్టు పాలను గట్టిపరిచి చేసేవాళ్లు. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలని స్కాట్లాండ్‌లో ఖాయం చేసింది కూడా ఈ మైదానం వచ్చిన రెండేళ్లకు, 1891లో.

ప్రశ్న: పాస్‌పోర్టు లేదు, చేయించుకునే ఓపికా లేదు. మన దగ్గర ఇలాంటిది లేదా?
— పొదలకూరు నుంచి ఒక నిమ్మ రైతు

జవాబు: ఊటీ ఉంది కదండీ. ఫింగర్‌పోస్ట్ వైపు జింఖానా క్లబ్బు గోల్ఫ్ మైదానం, అదీ పద్దెనిమిది గుంతలదే, 2,200 మీటర్ల ఎత్తున. అక్కడ ముళ్ల పొదలకు పసుపు పూలు కనిపిస్తాయి. గోర్స్ అంటారు, బ్రిటన్ నుంచి తెచ్చి నాటిన మొక్క. బంతి దాన్లో పడితే చేతులు గీరుకుపోతాయి. ఆ మొక్క ఇప్పుడు కొండ పచ్చికను తినేస్తోందని అటవీ శాఖ పీకిస్తోంది. మైదానాన్ని చూడ్డం కంటే ఆ పొదను చూడ్డమే నాకు ఎక్కువ ఇష్టం. దొరలు వెళ్లిపోయినా వాళ్ల ఊరి ముల్లు ఇక్కడే ఉండిపోయింది.

చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మేట్టుపాలయం. అక్కడి నుంచి బొమ్మ రైలు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేశారు. పళ్ల చక్రాలతో కొండ ఎక్కుతుంది. టికెట్లు చాలా ముందే అయిపోతాయి, మర్చిపోకండి. కారులో వెళ్తే ఈ-పాస్ తీసుకోవాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తీసుకెళ్లకండి, నీలగిరి జిల్లాలో నిషేధం ఉంది. దారిలో ఆపి చూస్తారు.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, షుగరు. లంక యాత్రలో నువర ఎలియ చలి తట్టుకుంటారా? భోజనం ఎలా?
— కందుకూరు నుంచి ఒక కూతురు

జవాబు: తట్టుకుంటారమ్మా, ఊలు స్వెట్టరు, మఫ్లరు, మేజోళ్లు ఉంటే చాలు. ఏడాది పొడవునా అక్కడ సగటు ఉష్ణోగ్రత పదహారు డిగ్రీల చుట్టూ ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెల్లవారుజామున గడ్డి మీద మంచు గట్టిపడే రోజులూ ఉంటాయి, ఆ వేళకు నాన్నగారిని బయటికి తీసుకెళ్లొద్దు. ఎప్రిల్‌లో వాళ్ల కొత్త సంవత్సరం, గుర్రప్పందాలు, పూల ప్రదర్శనలతో ఊరు కిక్కిరిసిపోతుంది, గదులు దొరకవు. మే నుంచి వాన. ఫిబ్రవరి, మార్చి మీకు మంచిది. మైదానం లోపల ఎగుడు దిగుళ్లు ఉన్నాయి. ఆయన్ని క్లబ్బు వరండాలోనో, రోడ్డు పక్కనో కూర్చోబెట్టి మీరు నడిచి రండి.

తమిళ హోటళ్లలో ఇడ్లీ, దోసె, శాకాహార భోజనం దొరుకుతాయి. మీరే వండుకునేట్టయితే కుక్కరు తీసుకెళ్లండి. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకదు. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే. అక్కడి నుంచి కొండల్లోకి రైలు ప్రయాణం చాలా బాగుంటుంది, దిగాల్సింది నాను ఓయలో. కానీ 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు ఆ కొండల్లో చరియలు విరిగి పట్టాలు బాగా దెబ్బతిన్నాయి. రైలు ఏ స్టేషను దాకా నడుస్తోందో టికెట్టు కొనే ముందే టూరు వాళ్లతో గట్టిగా కనుక్కోండి. నడవకపోతే కారులో క్యాండీ మీదుగా వెళ్లండి, దారిలో ఒక రాత్రి క్యాండీలో ఆగితే నాన్నగారి మోకాళ్లకు కూడా తెరిపి.